సున్నం కింద అక్షరం

మా నాయిన బోర్డులు రాసేవాడు. కిరాణం షాపు, పంక్చర్ దుకాణం, ఫంక్షన్‌హాలు, డాక్టరు దవాఖాన. ఎన్నికలొస్తే గోడలు. ఆషాఢమొస్తే బోనాల బట్ట బ్యానర్లు. లాల్‌దర్వాజా మోడ్ నుంచి శాలిబండ దాకా నడిస్తే ఒకప్పుడు ఎక్కడో ఒకచోట ఆయన చెయ్యి కనబడేది. ఇప్పుడు ఒక్కటి కూడా లేదు. ఆయన ఘనత చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. రాత మా ఇంటికి ఎట్లా వచ్చింది, వచ్చినంక దాని కింద పేరు పెట్టుకోవడానికి ఏమేం ఇచ్చుకోవాల్సి వచ్చింది, అది చెప్పాలని రాస్తున్నాను.

మా తాత పాలమూరు దిక్కు నుంచి కరువుకు పట్నం వచ్చాడు. ఆరె, రంపె సంచిలో వేసుకుని వచ్చాడు. శాలిబండ రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని చెప్పులు కుట్టాడు. ఆయనది వేలిముద్ర. నాయిన ఐదో తరగతి దాకా చదివి, ఒక ముస్లిం పెయింటర్ దగ్గర డబ్బాలు కడిగే పనికి కుదిరాడు. "ఉస్తాద్ నా కులం ఎన్నడు అడగలే" అని నాయిన గొప్పగా చెప్పేవాడు. "ఆర్నెల్లు కూలి గూడ ఇయ్యలే" అని అమ్మ పక్కనుంచి అందించేది. రెండూ నిజమే.

ఆ ఉస్తాద్‌కు ఛత్తాబజార్‌లో పెళ్లి రుఖాలు రాసే కాతిబుల విద్య తెలుసు. ఉర్దూ రాతలో కలం ముక్కు ఎంత వెడల్పు ఉంటే అంత చుక్క పెడతారు. దాన్ని నుక్తా అంటారు. అలిఫ్ ఎన్ని చుక్కల పొడుగు, బే ఎన్ని చుక్కల వెడల్పు, అన్నిటికీ ఆ చుక్కే కొలత. నాయిన ఆ కొలతను తెలుగుకు తెచ్చుకున్నాడు. బ్రష్షు వెడల్పును చుక్కగా పెట్టుకుని క ఎంత, మ ఎంత అని లెక్క గట్టాడు. ఏ కాలేజీలోనూ ఆయనకు ఇది ఎవరూ చెప్పలేదు. మాసాబ్‌ట్యాంక్‌లో ఫైన్ ఆర్ట్స్ కాలేజీ ఉందని, అక్కడ ఇదే పనిని చదువుగా చెప్తారని ఆయనకు తెలియదు. ఆ కాలేజీ గోడ ముందు నుంచి సైకిల్ మీద ఎన్నిసార్లు పోయాడో.

పాతబస్తీ బోర్డు మీద మూడు భాషలు పడతాయి. ఇంగ్లీషు గీత మీద నిలబడుతుంది. ఉర్దూ గీత మీదికి ఏటవాలుగా దిగుతుంది. తెలుగుకు పైన గుడి, పక్కన కొమ్ము కావాలి, కింద వత్తు కావాలి. అంటే అన్నిటికన్న ఎక్కువ జాగా కావాల్సింది తెలుగుకే. గిరాకీలు మాత్రం ఇంగ్లీషుకు సగం బోర్డు ఇచ్చి తెలుగును అడుగున ఇరికించమనేవాళ్లు. వత్తులు ఫ్రేములోకి పోయేవి. "గీడ నేను రాస్తే అక్షరం కాళ్లు ఇరిగినట్టుంటది సేటు" అని నాయిన బతిమాలేవాడు. పైసలిచ్చేవాడు వింటాడా?

పైసలు అక్షరానికి లెక్క. అక్కడ ఇంకో కొట్లాట. లక్ష్మి అని రాస్తే ఎన్ని అక్షరాలు? రెండు అంటాడు గిరాకీ. నాలుగు అంటాడు నాయిన. "కకు షవత్తు, దానికి మళ్ల మవత్తు, మీద గుడి. బ్రష్షు ఎన్నిసార్లు ముంచిన్నో నువ్వు సూసినవా?" చివరికి మూడు దగ్గర తెగేది. నేను ఇవాళ పిల్లలకు సంయుక్తాక్షరం, సంశ్లేషాక్షరం చెప్పేటప్పుడు ఆ బేరమే గుర్తొస్తుంది. వ్యాకరణం మా ఇంటికి కూలి లెక్కగా వచ్చింది.

కళాకారులను ప్రేరణ ఎక్కడిది అని అడుగుతారు కదా. నేను కూడా డిగ్రీ చదివే రోజుల్లో నాయినను అడిగాను. "ఇంటి కిరాయి" అన్నాడు. నవ్వాడు. కాసేపైనాక ఇంకో మాట చెప్పాడు. తాత తోలు కోసేటప్పుడు ముందు చాలాసేపు ఊరికే చూసేవాడట. ఏ మూలన అడుగు వస్తుంది, ఏ ముక్కన పట్టీ వస్తుంది, అంతా కంటితో పరుచుకున్నాకనే రంపె పెట్టేవాడట. ఎందుకంటే తోలు ఒకసారి తెగితే మళ్లా అతకదు. "నేను గోడను గట్లనే సూస్త. అక్షరం సూడ, అక్షరానికి నడుమ ఖాళీ సూస్త. గది కుదిరితే అక్షరం అదే కూసుంటది." పుస్తకాల్లో దీన్నే డిజైన్ అంటారని తర్వాత చదివాను. మా ఇంటికి అది తోలులో నుంచి వచ్చింది. ఏ తోలు ముట్టినందుకు తాతను దూరం నిలబెట్టారో, ఆ తోలు నేర్పిన చూపుతోనే నాయిన ఊరందరి పేర్లూ రాశాడు.

ఊరందరి పేర్లు అని ఎందుకంటున్నానంటే, బోనాల బ్యానరు అంటే పేర్ల పట్టికే. లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలు మీకు తెలిసే ఉంటాయి. గోల్కొండ, సికింద్రాబాద్ అయినాక చివరికి మాదే. 1908లో మూసీ వరద వచ్చినప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఈ అమ్మవారికి మొక్కాడని మా దిక్కు చెప్పుకుంటారు. ఆ పండుగకు చందాలిచ్చినవాళ్లు, కమిటీలవాళ్లు, లీడర్లు అందరి పేర్లు ఇంటిపేర్లతో, కులం తోకలతో నాయిన రాసేవాడు. ఏ పేరు ముందు, ఏ పేరు తర్వాత, ఏది లావు, ఏది సన్నం అని కాయితం మీద రాసిచ్చేవాళ్లు. బ్యానరు చూస్తే ఊరు ఎట్లా నిలబడి ఉందో తెలిసిపోయేది. కింద మూలన నాయిన పెట్టుకున్నది ఒక పువ్వు పేరు, పక్కన ఆర్ట్స్ అని. పువ్వుకు కులం ఉండదని అట్లా పెట్టుకున్నాడు.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైంది. పేరు చివర మాదిగ అని పెట్టుకోవడం అప్పుడు మొదలైంది. ఆ రోజుల్లో ఒక రాత్రి ఇద్దరు పోరగాళ్లు నాయిన దగ్గరికి వచ్చి, సభ ఉంది, గోడ రాయాలన్నారు. కాయితం మీద నాయకుని పేరు, చివర ఆ మాట. నాయిన ఈ సంగతి నాకు చాలాసార్లు చెప్పాడు. "సులువైన మూడక్షరాలు బిడ్డా. ఒక్క వత్తు లేదు. మా రాసిన. ది రాసిన. గ తలకట్టు కాడ చెయ్యి ఆగింది. గా మాట నేను తిట్టుగ ఇన్న, పిలుపుగ ఇన్న. నా చేత్తోని ఎన్నడు రాయలె." ఆ పోరగాళ్లు, "ఏమైందన్నా, రంగు అయిపోయిందా?" అన్నారట. తలకట్టు పెట్టి దిగాడు. మూడడుగుల ఎత్తు అక్షరాలు. ఆ తర్వాత పువ్వు పేరు వదిలేశాడు. తన పేరు, పక్కన మాదిగ అని పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

భాగ్యరెడ్డి వర్మ గురించి మీరు చదివే ఉంటారు. 1910 నుంచే ఈ నగరంలో మన పిల్లలకు బడులు తెరిచిన మనిషి. పుట్టినప్పుడు మాదరి భాగయ్య. ఒక తరం గౌరవం కోసం పేరు మార్చుకుంది. ఇంకో తరం అదే గౌరవం కోసం ఉన్న పేరుకు కులాన్ని తగిలించుకుంది. రెంటినీ ఎగతాళి చేసినవాళ్లున్నారు. పుట్టుకతోనే పేరుకు గౌరవం దొరికినవాళ్లకు ఈ తండ్లాట అర్థం కాదు.

1999 ఆషాఢం. నాకు పదకొండేండ్లు. పాతబస్తీలోనే ఒక గుడి. పేరు చెప్పను. లాల్‌దర్వాజాది కాదు. కమిటీవాళ్లు గోడ మీద సింహమెక్కిన అమ్మవారిని వెయ్యమన్నారు. పన్నెండు రోజుల పని. నేను బడి ఎగ్గొట్టి డబ్బాలు పట్టాను. కళ్లు చివరి రోజు వేశాడు. ఆ రోజు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ఉపాసం ఉండమని ఎవరూ చెప్పలేదు, ఆయనకే అనిపించింది. కమిటీవాళ్లు వచ్చి చూసి దండం పెట్టారు. ఒకాయన కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పుడు నాయిన కింది మూలన, ఇంచు ఎత్తున, తన పేరు, మాదిగ అని రాశాడు.

పెద్దమనిషి వంగి చదివాడు. "ఏమోయ్ పెయింటరూ, మంచిగేసినవ్. పేరు ఉండనియ్యి. గా చివరి మాట తీసెయ్. పండుగపూట పదిమంది వచ్చే జాగ" అన్నాడు. కోపంగా అనలేదు. పెళ్లిలో పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పినట్టు చెప్పాడు. బాకీ పైసలు ఇంకా ఆయన జేబులోనే ఉన్నాయి.

నాయిన నా దిక్కు చూశాడు. గోడకు వేసిన రంగు, ఆయిల్ పెయింటే, డబ్బాలో ఇంకా ఉంది. దాని పక్కన మెట్లకు కొట్టిన సున్నం బకీటు ఉంది. నాయిన సున్నంలో బ్రష్షు ముంచాడు. ఒక్క గీత. మాట పోయింది. పైసలు లెక్కపెట్టుకుని సైకిలెక్కాం. ఇంటికి పోయేదాకా ఆయన మాట్లాడలేదు.

ఆ ఏడు వానలు కొట్టినాయి. దసరాకు అటునుంచి పోతుంటే చూశాను. సున్నం పెచ్చులూడి మాట బయటపడింది. ఎండ తగలనందుకేమో, పేరు కన్నా ఆ మాటే కొత్తగా మెరుస్తోంది. ఆయిల్ పెయింట్ మీద సున్నం నిలవదని రంగుపని తెలిసిన ఏ పోరడైనా చెప్తాడు. ఇంటికి ఉరికొచ్చి, "నాయినా, తెలిసే కొట్టినవా?" అన్నాను. "చేతికి అదందింది, అదే కొట్టిన" అన్నాడు. అంతే. చనిపోయేదాకా ఇంకో జవాబు చెప్పలేదు.

కథ అక్కడ ఆగితే మంచిగుండేది. ఆగలేదు. కమిటీవాళ్లు మళ్లా పిలవలేదు. వాళ్లను చూసి ఇంకో రెండు బస్తీలవాళ్లు పిలవలేదు. ఆ చలికాలం అమ్మ పట్టీలు కుదువకు పోయి మళ్లా రాలేదు. గోడకు తర్వాత టైల్స్ వేశారు. అమ్మవారు, మాట రెండూ దాని కిందనే ఉన్నాయి.

2000 దాటినాక ఫ్లెక్సీ వచ్చింది. రాత్రి ఆర్డరిస్తే పొద్దున్నే గోడ నిండా ఫొటోలు. నాయిన బ్రష్షులు కిరసనాయిల్ డబ్బాలోనే గట్టిపడ్డాయి. నేను సిటీ కాలేజీలో డిగ్రీ చదువుతూ, 2007లో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా చేరాను. కోరల్‌డ్రా, ఫొటోషాప్. తండ్రి పనిని చంపిన మిషన్ దగ్గర కొడుకు కూలి. బాపు చేతిరాత ఫాంటై పెళ్లికార్డుల మీద ఆయన పేరుతోనే నడుస్తోంది. మా నాయిన మలిచిన క ఏ కంప్యూటర్‌లోనూ లేదు. దాన్ని ఎవరన్నా ఫొటో తీసిపెట్టుకుని ఉంటే కదా.

ఒక ఏప్రిల్‌లో మా బస్తీ పిల్లలే అంబేద్కర్ జయంతికి ఫ్లెక్సీ చేయమని వచ్చారు. ఇరవై మూడు మంది ఫొటోలు. చల్వ కండ్లద్దాలు, ఫోన్ చెవిన పెట్టుకున్నవి, బైకు మీద కూసున్నవి. "అంబేద్కర్‌ను గా మూలకు పెట్టన్నా, మా ఫొటోలు పెద్దగ రావాలె" అన్నారు. నాకు మండింది. ఆయన పండుగకు ఆయనకే జాగా లేదా అని నానా మాటలన్నాను. ఇంటికొచ్చి నాయినకు చెప్పి ఈ తరమే పాడైందన్నాను. ఆయన అన్నం తింటూ విన్నాడు. "వాళ్ల తాతల మొకాలు నువ్వు ఏ గోడ మీదనన్న సూసినవా?" అన్నాడు. నా దగ్గర మాట లేదు. తెల్లారి ఇరవై మూడు ముఖాలూ ఒకే కొలతతో పెట్టాను. అంబేద్కర్‌ను నడుమ పెట్టి, ఆయన చుట్టూ నీలం ఖాళీ వదిలాను. పెద్దగా చేయలేదు, ఖాళీ వదిలానంతే. పిల్లలు చూసి, "అన్నా, మంచిగ కొడుతుంది" అన్నారు. అయిదేండ్ల పనిలో నేను సిగ్గుపడకుండా చేసిన డిజైన్ అదొక్కటే.

తర్వాత బీఈడీ, 2017 టీఆర్‌టీ. 2019లో సర్కారు బడిలో టీచర్‌గా చేరాను. నాయిన అది చూడలేదు. మా ఇంట్లో నెలనెలా జీతం తెచ్చిన మొదటి మనిషిని నేనే. బడి గోడ మీద సూక్తులు ఎవరితోనో రాయించమని నిధులొచ్చాయి. నేనే రాస్తానన్నాను. సూక్తులు రెండు రాసి మిగతా గోడంతా వదిలేశాను. ఆరో తరగతి పిల్లలతో, ఎవరి పేరు వాళ్లనే, ఇంటిపేరుతో సహా రాయించాను. గీతలు నేను కొట్టిచ్చాను. అక్షరాల నడుమ ఖాళీ ఎట్లా చూడాలో చెప్పాను. వంకర పోయినవి సరిచేయలేదు.

సాయంత్రం ఒక అమ్మ కూలి పని నుంచి అటే వచ్చింది. చదువు రాదు. "మా బిడ్డ పేరు ఏది సారూ?" అంది. చూపించాను. వేలు పెట్టి మొదటి నుంచి చివరి దాకా రాసింది. రంగు ఇంకా ఆరలేదు. వేలికి నీలం అంటింది. కొంగుకు తుడుచుకోబోయి ఆగింది.

"వానలకు పోతదా సారూ?" అని అడిగింది.

"పోదమ్మా, ఆయిల్ పెయింట్" అన్నాను.