ఘాట్ ఎక్కాలి... పేరు మారాలి!

మంగళవారమో శనివారమో కొండగట్టు వెళ్తే బండ్ల వరస చూడాల్సిందే. బంతిపూల దండలు, పసుపు కుంకుమ బొట్లు, టైర్ల కింద నిమ్మకాయలు... అన్నీ షోరూం నుంచి నేరుగా అంజన్న దగ్గరికి వచ్చిన బండ్లేననుకుంటే పొరపాటే. నంబరు ప్లేట్లు ఓసారి పరికించి చూడండి. కొన్నింటి మీద 'టీఎస్ 02' ఉంటుంది. ఇంకొన్నింటి మీద ఏకంగా 'ఏపీ 15'. అంటే తెలంగాణ రాకముందు కరీంనగర్‌లో రిజిస్టరైన బండి అన్నమాట! అయితేనేం, ఆ ఇంటికి మాత్రం అది కొత్తదే. భార్యాపిల్లలతో వచ్చి పూజ చేయించాల్సిందే. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన ప్రచార వాహనం 'వారాహి'కి పూజ చేయించింది కూడా ఈ కొండమీదే.

అలా పూలదండ వేసుకున్న పాత బండ్లలో డీజిల్ ఎస్‌యూవీలకు ఓ ప్రత్యేక స్థానం ఉంది. డస్టర్, ఎకోస్పోర్ట్, బ్రెజా, నెక్సాన్... పెద్ద ఎస్‌యూవీ కొనే స్తోమత లేదు, చిన్న కారేమో ఊళ్లోని దారికి ఆగదు. గల్ఫ్‌లో పదేళ్లు కష్టపడి వచ్చిన జగిత్యాల మనిషికైనా, సింగరేణి ఉద్యోగికైనా, ఉట్నూరులో పనిచేసే టీచరుకైనా లెక్క ఇక్కడికే వచ్చి ఆగుతుంది. ఆ లెక్క ఎందుకు పుట్టిందో తెలియాలంటే కరీంనగర్ నుంచి ఉత్తరానికి ఓసారి బయల్దేరాలి.

దారే చెబుతుంది

గంగాధర, కొండగట్టు దాటి జగిత్యాల వరకూ ఫర్వాలేదు. ధర్మపురి నరసింహస్వామికి దండం పెట్టుకుని రాయపట్నం వంతెన మీద గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. లక్షెట్టిపేట, దండేపల్లి, జన్నారం. అక్కడి నుంచి కవ్వాల్ పులుల అడవి మొదలవుతుంది. రెండు పక్కలా టేకుచెట్లు, మధ్యలో మలుపులు తిరిగే రోడ్డు. ఉట్నూరు మీదుగా గుడిహత్నూరు చేరితే పెద్ద హైవే. దాన్ని పట్టుకుంటే ఆదిలాబాద్, ఆ పైన పెన్‌గంగ, అవతల మహారాష్ట్ర.

పెద్ద రోడ్డు మీద పోయేవాళ్లకు ఏ కారైనా ఒకటే. చిక్కంతా రోడ్డు దిగాకే. ఆసిఫాబాద్ నుంచి ఉట్నూరు వచ్చేవాళ్లు కెరమెరి ఘాట్ ఎక్కాలి. పాత దారిలో నిర్మల్ నుంచి ఆదిలాబాద్ పోవాలంటే మహబూబ్ ఘాట్. కుమురం భీం నేలకొరిగిన జోడేఘాట్‌కి పోవాలన్నా, కుంటాల జలపాతం చూడాలన్నా ఎత్తుపల్లాలు తప్పవు. వానాకాలం వస్తే నల్లరేగడి మట్టి చక్రాలకు పట్టుకుని వదలదు. వాగు పొంగిందంటే ఊరికి ఊరే ఆగిపోతుంది. అలాంటి చోట నేలకీ బండికీ మధ్య ఎడం రెండొందల మిల్లీమీటర్లు ఉండటం గొప్ప కోసం కాదు. డస్టర్‌కి 205, ఎకోస్పోర్ట్‌కి 200, బ్రెజాకి 198, నెక్సాన్‌కి 209 అని కంపెనీల లెక్క. అయిదుగురు కూర్చుని, వెనకాల బియ్యం బస్తా వేసినా అడుగు గీసుకోదు.

ఇక డీజిల్ మోజు సంగతి. 2012 వేసవిలో పెట్రోలుకీ డీజిలుకీ లీటరుకు ముప్ఫై రూపాయల దాకా తేడా ఉండేది. సరిగ్గా ఆ ఏడాది జులైలోనే డస్టర్ వచ్చింది. మర్నాటి ఏడాది ఎకోస్పోర్ట్. జనం ఎగబడ్డారంటే ఆశ్చర్యమేముంది! 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశాక తేడా కరుగుతూ వచ్చి, 2024 నాటికి తెలంగాణలో పన్నెండు రూపాయలకు అటూ ఇటూ అయ్యింది. మరి ఇంకా డీజిలే ఎందుకు? ఓ చిన్న లెక్క చూడండి. పెట్రోలు బండి లీటరుకి పద్నాలుగు, డీజిల్ బండి పద్దెనిమిది కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి డీజిల్‌తో రెండు వేలకు పైనే మిగులుతుంది. మూడొందల కిలోమీటర్లు తిరిగే ఇంటికి మిగిలేది సుమారు ఏడొందలే. ఆ ఏడొందలూ ఒక్క ఇంజెక్టర్ చెడితే హుష్‌కాకి!

ఆదిలాబాద్ వైపు వాళ్లకు ఈ లెక్క ఇప్పటికీ సరిపోతుంది. కరీంనగర్ పట్టణంలో పిల్లల్ని బడికి దింపి, కూరగాయలు తెచ్చుకునే కుటుంబానికే సరిపోదు. పైగా 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టి ఉంచే ఓ ఫిల్టర్ ఉంటుంది. దాన్ని డీపీఎఫ్ అంటారు. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపైనా ఆగకుండా, వేగంగా పరుగెత్తాలి. రోజూ నాలుగు కిలోమీటర్లు పోయి ఆగిపోయే బండిలో అది పూడుకుపోతుంది, దీపం వెలుగుతుంది, బండి మొరాయిస్తుంది. అదే బండి వారానికి రెండుసార్లు మంచిర్యాల వెళ్లొస్తే ఏ గొడవా ఉండదు. బండి మంచిదా కాదా అని అందర్నీ అడుగుతారు. తాము తిరిగే దారి దానికి సరిపోతుందా అని మాత్రం ఎవరూ అడగరు.

బాగుచేసేదెవరు?

మార్కెట్లో అన్నిటికన్నా చవగ్గా కనిపించేవి డస్టర్, ఎకోస్పోర్ట్. కారణం అందరికీ తెలిసిందే. డస్టర్ డీజిల్ 2020లో ఆగింది, ఆ తరం డస్టర్ మొత్తంగా 2022లో నిలిచిపోయింది. ఫోర్డ్ కంపెనీ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. కంపెనీ పోయిందనగానే బండి ధర పడిపోతుంది. అదే ధరకి వచ్చే చిన్న కారు పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ఆశపడటంలో తప్పులేదు. కానీ కన్సల్టెన్సీ మెట్లెక్కేముందు ఊళ్లోని మెకానిక్ షెడ్డు మెట్లెక్కాలి. 'అన్నా, ఈ బండి నువ్వు విప్పినవా ఎన్నడన్న?' అని అడగాలి. ఎందుకంటే అసలు ధర అక్కడే తేలుతుంది. 2016లో వచ్చిన బ్రెజా పాత ధర పెద్దగా పడకపోవడానికి కారణం అదే. 2020 దాకా అందులో ఉన్న 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఫియట్ డిజైన్. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా... అన్నింట్లోనూ అదే గుండె. మంచిర్యాల, గోదావరిఖని ట్యాక్సీ స్టాండ్లలో డిజైర్లు విప్పీ విప్పీ చేయి తిరిగిన మెకానిక్‌కి బ్రెజా కొత్తేం కాదు. దాంట్లో టైమింగ్ చైన్ ఉంటుంది. డస్టర్‌లోని 1.5 లీటర్ల ఇంజిన్‌కి బెల్టు. లక్ష కిలోమీటర్ల లోపే మార్చేయాల్సిన ఆ బెల్టు తెగిందా, వాల్వులు పోయి పిస్టన్లను కొడతాయి. వేలల్లో అయిపోయే పని లక్షకు ఎగబాకుతుంది. అమ్మేవాడు 'బెల్టు మార్చినం' అంటే నోటిమాట నమ్మకుండా బిల్లు అడగాలి. బిల్లు లేదంటే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవడం మేలు. డస్టర్ ఇంజినే నిస్సాన్ టెరానో, సన్నీలలోనూ ఉండటం వల్ల ఇంజిన్ సామాను దొరకడం మరీ కష్టం కాదు. బంపరు, లైటు, డోరు అద్దం లాంటివాటికే ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి.

ఇక నడిచిన ఊరిని బట్టి కూడా బండి మారుతుంది. శ్రీరాంపూర్, మందమర్రి, గోదావరిఖని ప్రాంతాల్లో నడిచిన బండి అయితే ముందు ఎయిర్ ఫిల్టర్ పెట్టె విప్పి చూడాలి. లోపల నల్లటి బొగ్గు దుమ్ము పేరుకుని ఉంటే ఆ యజమాని దాన్నెంత పట్టించుకున్నాడో అర్థమైపోతుంది. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీల దారిలో తిరిగినదాంట్లో ఆ దుమ్ము రంగు తెల్లగా ఉంటుంది, అంతే తేడా. ఫిల్టర్ దాటి దుమ్ము లోపలికి పోతే ముందు టర్బో ఒళ్లు పాడవుతుంది. పుస్తకంలో పదివేల కిలోమీటర్లకు ఆయిల్ మార్చమని ఉన్నా ఇక్కడివాళ్లు ఏడెనిమిది వేలకే మార్చడం చాదస్తం కాదు.

వేసవిలో రామగుండం, జగిత్యాల నలభై అయిదు డిగ్రీలు దాటుతాయి. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము, గడ్డినూగు ఇరుక్కుని ఉంటే ఏసీ వేసి ఘాట్ ఎక్కేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పరుగెడుతుంది. కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసిన బండి అయితే మూత విప్పితేనే తుప్పు రంగు కనిపిస్తుంది. చలికాలం కథ వేరు. ఆదిలాబాద్ ఏజెన్సీలో తెల్లవారుజామున అయిదారు డిగ్రీలకు పడిపోయే రోజులుంటాయి. గ్లో ప్లగ్గులు బలహీనపడిన డీజిల్ బండి ఆ పూట స్టార్ట్ కాదు. మధ్యాహ్నం మాత్రం ఏమీ ఎరగనట్టు ఒక్క తాళం తిప్పుకే లేస్తుంది. అందుకే అమ్మేవాళ్లు మధ్యాహ్నం రమ్మంటారు. కొనేవాళ్లు పొద్దున్నే పోవాలి. పోయాక బోనెట్ మీద చేయి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే అప్పటికే ఎవరో లేపి ఉంచారన్నమాట. 'రేపు మళ్లొస్తం కాకా, మేం వచ్చేదాంక ముట్టకుండ్రి' అని మర్యాదగా చెప్పి వచ్చేయడమే.

కిలోమీటర్ల అంకెను నమ్మి కొనడం మానేయాల్సిన రోజులివి. ల్యాప్‌టాప్ తగిలిస్తే నిమిషాల్లో లక్షన్నర కాస్తా డెబ్భైవేలు అవుతుంది. క్లచ్ పెడల్ మీది రబ్బరు అరిగి నున్నగా ఉండి, మీటర్ మాత్రం నలభైవేలు చూపిస్తుంటే ఆ రెండింట్లో రబ్బరు మాటే నమ్మాలి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అయిదేళ్లు నడిచి, నలభైవేలే తిరిగిన బండికి టైర్లు అప్పుడే రెండోసారి మారాయంటే అనుమానించాల్సిందే.

వరదలో మునిగిన బండి సంగతి మరీ ముఖ్యం. 2021 జులైలో నిర్మల్‌లో కాలనీలు మునిగాయి. మరుసటేడు జులైలో కడెం ప్రాజెక్టు సామర్థ్యాన్ని మించి వరద వచ్చి ఊళ్లను వణికించింది, గోదావరి ఎగదన్ని మంచిర్యాల, మంథనిలోకి నీళ్లొచ్చాయి. అలాంటి నీళ్లలో నిలబడ్డ బండిని కడిగి, పాలిష్ పెట్టి, సెంటు కొట్టి నిలబెడితే కంటితో పట్టుకోవడం కష్టం. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. రోజూ బయటికి రాని ఆ చివరి మూరెడు మీద బురద చార ఉండిపోతుంది. దాన్ని కడగాలన్న ఆలోచన చాలామందికి రాదు.

కాగితాల దగ్గరే కొంప మునిగేది

ఇంజిన్ చెడితే డబ్బు పోతుంది. కాగితం చెడితే అంతకన్నా పెద్దదే పోవచ్చు. సంతకం పెట్టిన 29, 30 ఫారాలు తీసుకుని, 'పేరు తర్వాత మార్పించుకుందాంలే' అని బండి తోలుకుపోవడం ఈ ప్రాంతంలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. అలా ఒకే ఫారాల మీద బండి నలుగురి చేతులు మారుతుంది. ఆర్సీలో మాత్రం మొదటివాడే ఉంటాడు. అతనికి ఆ బండి ఎక్కడుందో కూడా తెలీదు. మధ్యలో ప్రమాదం జరిగితే? 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. రిజిస్ట్రేషన్ మారకుండా చేతులు మారుతూ పోయిన కారు అది. ఎన్నిసార్లు అమ్మినా సరే, రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని, నష్టపరిహారం బాధ్యతా వాళ్లదే అని కోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేసి, ఆ డబ్బుతో బిడ్డ పెళ్లి చేసి నిశ్చింతగా ఉన్నవాళ్ల ఇంటికి కోర్టు నోటీసు రావచ్చన్నమాట!

చట్టం ప్రకారం అమ్మినవాళ్లు పద్నాలుగు రోజుల్లో, కొన్నవాళ్లు ముప్ఫై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. బీమా కూడా పద్నాలుగు రోజుల్లో కొన్నవారి పేరు మీదికి మార్పించుకోవాలి. అమ్మినవారి నో క్లెయిమ్ బోనస్ మాత్రం బండితో పాటు రాదు. అది మనిషిదే. ఫైనాన్స్‌లో ఉన్న బండైతే బ్యాంకు ఇచ్చిన ఎన్‌వోసీ, ఫారం 35 పట్టుకుని ఆర్సీ మీద హెచ్‌పీ తీయించాకే పూర్తి డబ్బు చేతికివ్వడం క్షేమం. పాత చలాన్లు ఏమున్నాయో ట్రాఫిక్ పోలీసుల వెబ్‌సైటులో ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక ఆర్టీఏ కార్యాలయాలూ విడిపోయాయి. ఒకప్పుడు అక్షరక్రమంలో ముందున్నందుకు ఉమ్మడి రాష్ట్రంలో ఆదిలాబాద్‌కి 01 దక్కింది. తెలంగాణలోనూ ఆ ఒకటో నంబరు దానికే ఉండిపోయింది. నిర్మల్ 18, మంచిర్యాల 19, ఆసిఫాబాద్ 20, జగిత్యాల 21, పెద్దపల్లి 22, సిరిసిల్ల 23 అయ్యాయి. పాత ఏపీ నంబరు బండ్లకు అసలు గడువు పదిహేనేళ్లు. 2012 బండి 2027లో మళ్లీ రిజిస్ట్రేషన్‌కి పోవాలి, ఫిట్‌నెస్ చూపించాలి. కారుకి ఆ రుసుమే 2022 ఏప్రిల్ నుంచి ఆరొందల రూపాయల నుంచి అయిదు వేలైంది. 'పన్నెండు, పదమూడేళ్ల బండి, అగ్గువకు ఇస్తున్నం' అనేవాళ్ల మాటలో ఈ లెక్క ఉండదు.

పెన్‌గంగ అవతలి నుంచి మహారాష్ట్ర బండ్లు, ఇంకా పైనుంచి ఢిల్లీ బండ్లు రావడమూ ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు ఢిల్లీలో తిరగొద్దని 2015లో హరిత ట్రైబ్యునల్ చెప్పాక, 2018లో సుప్రీంకోర్టూ దాన్ని నిలబెట్టాక అక్కడ చవకైన బండ్లు నాలుగు దిక్కులకూ పోయాయి. చూడ్డానికి బాగుంటాయి, రేటు ఇంకా బాగుంటుంది. అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ, ఇక్కడ వయసును బట్టి కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి చూసుకున్నాకే అది చవకో కాదో తేలుతుంది.

అన్నీ అయ్యాక నడిపి చూడటం. కన్సల్టెన్సీ ముందున్న సాఫీ రోడ్డు మీద రెండు కిలోమీటర్లు తిప్పితే ఏ బండైనా రాజాలా పోతుంది. వీలైతే ఘాట్ దాకా తీసుకుపోవాలి. ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని, ఏసీ వేసి, రెండో గేర్‌లో మలుపు ఎక్కాలి. ఇంజిన్ గొంతు పెరిగి బండి మాత్రం ముందుకు జరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. అద్దంలో నల్లపొగ కనిపిస్తే ఇంజెక్టర్లూ టర్బో పైపులూ చూపించాలి, నీలిపొగ అయితే ఆయిల్ కాలుతోంది. దిగేటప్పుడు న్యూట్రల్ చేయకుండా, గేర్‌లోనే దింపుతూ బ్రేకు తొక్కాలి. స్టీరింగ్ వణికిందంటే డిస్కులు చూపించాలి. గతుకుల్లో కిందనుంచి టకటకమని చప్పుడొస్తే చాలావరకు లింక్ రాడ్లు, బుష్‌లే. భయపడక్కర్లేదు, బేరానికి పనికొస్తాయి.

పుష్యమాసం అమావాస్యకి ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశస్తులు సంప్రదాయం ప్రకారం ఎడ్లబండ్ల మీద వస్తారు. జాతరకొచ్చిన మిగతా జనం దూరంగా పొలాల్లో బండ్లు నిలుపుతారు. అక్కడ బొలేరోలున్నాయి, డస్టర్లున్నాయి, 01 నుంచి 23 దాకా అన్ని నంబర్లూ ఉన్నాయి, మహారాష్ట్రవీ ఉన్నాయి. ఎవరూ ఏదీ అమ్మడానికి రాలేదు కాబట్టి అబద్ధం చెప్పాల్సిన పనీ లేదు. బండి కొనాలనుకునేవాళ్లు అక్కడ చెట్టుకింద కూర్చున్న ఏ యజమానిని పలకరించినా చాలు... లీటరుకి ఎంతిస్తోంది, కెరమెరి ఘాట్‌లో ఎక్కడ మొరాయించింది, ఏ ఊళ్లో ఏ మెకానిక్ దాని నాడి పట్టుకున్నాడు... అడక్కుండానే మొత్తం చెబుతారు.