బొమ్మల సంచితో పాలమూరు దారిలో

గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి ముందు నిలబడితే నాకు తిరుపతి వేంకట కవులు గుర్తొచ్చారు. బొమ్మలు గీసి బతకాలనుకునే నాకు ఆ జంటకవులు దగ్గరి మనుషుల్లా తోచారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు వాళ్లు వచ్చింది కూడా విద్య చూపించి సంభావన అందుకోవడానికే. అప్పట్లో కార్తీక, మాఘ మాసాల్లో ఇక్కడ పండిత సభలు జరిగేవి. విద్వద్గద్వాల అన్న పేరు అలా వచ్చిందే. పదిమంది ముందు విద్య చూపించిన చోటే చేతికి నాలుగు రూపాయలు అందేవి. నేను బయలుదేరిన కాలానికి పేరొచ్చే చోటు వేరు, కూలి దొరికే చోటు వేరు.

కోట దాటి, చీరలకు డిజైన్లు గీసే ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. నా నెమలి బొమ్మను చాలాసేపు చూశాడు.

"బొమ్మ మంచిగున్నది బిడ్డా. గని మగ్గం మీదికి ఎక్కదు."

ఎందుకెక్కదో గ్రాఫు కాగితం పరిచి చూపించాడు. గడులన్నీ పడుగు పేకల లెక్క. నేను ఒక్క ఊపులో తిప్పిన నెమలి మెడ ఆ గడుల్లోకి వచ్చేసరికి మెట్లుమెట్లుగా విరుగుతుంది. ఆ విరుపు కంటికి ఆనకుండా ఎక్కడ ఒక గడి జరపాలి, ఎక్కడ రెండు వదలాలి అన్నదే విద్య అంతా. గ్రాఫు కుదిరాక దాని ప్రకారం అట్టలకు రంధ్రాలు కొడతారు. అట్టలు మగ్గం మీది జాకార్డు యంత్రానికి ఎక్కితే ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో ఆ రంధ్రాలే నడిపిస్తాయి. గద్వాల చీరలో ఇంకో చిక్కుంది. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెంటినీ మగ్గం మీదే పోగుకు పోగు కలిపే కుప్పడం పని ఇక్కడివాళ్ల చేతిలో ఉంది. అంచుకు బొమ్మ గీసేవాళ్లు ఆ కలయిక ఎక్కడ పడుతుందో ముందే చూసుకోవాలి. కళాశాలలో చదివినా తెలియని సంగతులు ఆ ఇంటి చాప మీద తెలిశాయి.

డిజైనుకు ఒక్కసారే డబ్బు. దాని మీద ఎన్ని చీరలు దిగినా అంతే. ఏ చీర మీదా గీసినవాళ్ల పేరుండదు, నేసినవాళ్ల పేరూ ఉండదు. 2010లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గద్వాల అన్న పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడుతోంది. మంచిదే. కానీ ఆ పెద్దాయన కళ్లు ధారపోసి గీసిన గ్రాఫుల కట్టలు అటక మీద ఉన్నాయి. వాటిలో ఒక్కదాని మీదా సంతకం లేదు. అది నాకు అన్యాయంగానే కనిపించింది, ఇప్పటికీ కనిపిస్తోంది.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి వనపర్తి చేరాను. రాజుగారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడిచే ఊరు అది. అక్కడ నాకు పని చూపించింది ఒక బోర్డు ఆర్టిస్టు. ఫ్లెక్సీలు వచ్చి దుకాణాల బోర్డులు పోయాక ఆయన సర్కారు బడుల గోడల మీద పడ్డాడు. అక్షరమాల, తెలంగాణ పటం, చెట్లు, పక్షులు. కూలి చదరపు అడుగు లెక్క. ఎండకు వెలిసిపోని రంగు ఏదో, సున్నం పెళ్లలు లేచిన గోడను ముందు ఎలా గీకాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గోడ పూర్తయ్యాక కింది మూలన తన పేరూ ఫోన్ నంబరూ రాసి, పక్కన నాకూ చోటు వదిలాడు.

"రాయి. ఎవలన్న జూస్తరు, ఫోన్ జేస్తరు."

ఆ మూలన పేరు రాస్తుంటే సురవరం ప్రతాపరెడ్డి గుర్తొచ్చారు. ఆయనా ఈ నేల మనిషే. గద్వాల సంస్థానంలోని బోరవెల్లిలో 1896లో పుట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా ఆయన 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. అందులో 354 మంది కవులున్నారు. ఊరి పొలిమేర దాటని ఎందరో కవులను ఆ సంచిక లోకం ముందు నిలబెట్టింది. మగ్గానికి గీసేవాళ్లకు, గోడలకు రంగులేసేవాళ్లకు, పల్లెల్లో వాయిద్యాలు పట్టినవాళ్లకు ఊరూ పేరూ పనీ చెప్పే అలాంటి సంచిక ఈ జిల్లాలకు రావాలి. ఎవరైనా పూనుకుంటే బొమ్మలు నేను గీసిస్తాను.

నాగర్‌కర్నూల్ వెళ్లేటప్పుడు మనసంతా దర్శనం మొగిలయ్య మీదే ఉంది. ఈ జిల్లాలోని అవుసలికుంట ఆయన ఊరు. పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడిన మనిషి. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటతో ఆయన గొంతు ఊరూరా వినిపించింది, మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. అదే మనిషి 2024లో హైదరాబాద్ పక్కన తుర్కయంజాల్‌లో కూలి పని చేస్తున్నాడన్న వార్త చదివి నాకు అన్నం సయించలేదు. ఒకప్పుడు మొగిలయ్య లాంటి డక్కలి కళాకారులను మాదిగ వాడలు పోషించేవి. కథ చెప్పడం వీళ్ల విధి, గింజలివ్వడం వాళ్ల బాధ్యత. ఆ కట్టు సడలిపోయాక దాని స్థానంలో మరో ఏర్పాటు నిలబడలేదు. పురస్కారం గౌరవమే. రేపటికి కచేరీ మాత్రం అది తెచ్చిపెట్టదు.

వనపర్తి గోడ మీది నంబరు చూసి నాగర్‌కర్నూల్ దగ్గరి ఒక బడి హెడ్మాస్టరు ఫోన్ చేశారు. వరండా గోడకు ఏదైనా కొత్త బొమ్మ కావాలన్నారు. కిన్నెర వేస్తానన్నాను. ఎండిన సొరకాయ బుర్రలు, వెదురు, పన్నెండు మెట్లు అన్నీ పిల్లలు లెక్కపెట్టుకునేంత పెద్దగా. కింద వాయించే మనిషి పేరూ, ఊరూ రాయాలన్నాను. ఆయన ఒప్పుకున్నారు. రంగుల ఖర్చు బడిది, కూలి అడుగు లెక్క. సగం డబ్బు బయానాగా తీసుకున్నాను. సోమవారం నుంచి గోడ గీకడం మొదలు.