ఇజాజత్ సరే, మష్వరా ఏదీ?

మా ఇళ్లల్లో రెండు మాటలున్నాయి. ఒకటి ఇజాజత్, అంటే అనుమతి. రెండోది మష్వరా, అంటే నలుగురూ కూర్చొని ఆలోచన చేసుకోవడం. పిల్లకు సంబంధం చూసేటప్పుడు ముందు జరిగేది మష్వరా. అన్నీ ఖాయమయ్యాక, నిఖా వేళ, వకీలు సాక్షులతో లోపలికొచ్చి పిల్లను ఇజాజత్ అడుగుతాడు. అప్పటికి పందిరి వేసుంటుంది. బిర్యానీ దేగ్‌లు పొయ్యి మీదుంటాయి. మష్వరాలో తన మాట వినని పిల్ల ఆ వేళ 'నేనొప్పుకోను' అనగలదా?

జనం ఆరోగ్యం మీద జరిగే పరిశోధనల్లో మాలాంటోళ్లకు దక్కేది ఈ చివరి ఇజాజతే. ఏ జబ్బును చూడాలి, ఏం అడగాలి, ఎవర్ని అడగాలి అన్నీ ఎక్కడో తేలిపోయుంటాయి. మా గడపలోకి వచ్చేది సంతకం కోసం, రక్తం కోసం. మా మతం రాసుకుంటారు. మా మాట రాసుకోరు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడూళ్ల మధ్యనే నా విలేకరి బతుకంతా నడిచింది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. బయట రాసేది తెలుగు. రెండూ వచ్చని ఒకసారి ఒక సర్వే బృందం ప్రొద్దుటూరులో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల అంగీకార పత్రానికి ఉర్దూ తర్జుమా ఉంది గానీ మా ఆడవాళ్లకు అర్థం కావడం లేదట. తీసి చూశాను. 'రజాకారానా షిర్కత్' అని ఉంది. స్వచ్ఛందంగా పాల్గొనడం అని దానికర్థం. కితాబీ ఉర్దూలో అది తప్పు కాదు. కానీ నిజాం ఏలుబడికి 1800లోనే దూరమైన మా కడప జిల్లాలో కూడా 'రజాకార్లు' అని తిట్టించుకున్న వాళ్లం మేము. ఆ మాటున్న కాగితం మీద వేలిముద్ర వెయ్యమంటే ఏ ఖాలా వేస్తుంది? 'తుమారీ మర్జీ హోయ్‌తో ఆవ్, నైతో నక్కో' అని రాసిచ్చాను. ఇష్టముంటే రండి, లేకుంటే వద్దు. ఆడవాళ్లకు అది వెంటనే ఎక్కింది. ఎక్కాక అడగడం మొదలుపెట్టారు. "మా రక్తంలో ఏముందో మళ్లీ వచ్చి చెప్తారా? మోకాళ్ల నొప్పులతో నమాజుకు వంగలేకున్నాం, దాని సంగతి రాసుకోరా?" బృందం దగ్గర జవాబు లేదు. ఫారం అచ్చయిపోయింది.

మా చిచ్చా సంగతి ఇంకోటి. ఆయన దూదేకుల మనిషి. చిన్నప్పటి నుంచి పత్తి ఏకి, పరుపులు కుట్టి బతికినోడు. దగ్గు ఎప్పటికీ వదలదు. పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులకు వచ్చే జబ్బును బిస్సినోసిస్ అంటారు. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగబట్టేయడం దాని గుర్తు. ఆదివారం సెలవుండే మిల్లు కూలీలను చూసి రాసిన పుస్తకాల్లో అది సోమవారం జబ్బయింది. చిచ్చా దగ్గరికి వచ్చిన ఫారంలోనూ అట్లే ఉంది. సోమవారం ఊపిరాడదా? లేదన్నాడు. లేదని గీత పెట్టుకొని పోయారు. తర్వాత నేనడిగితే చెప్పాడు: "సోమవారం ఏముంటాది బేటా, నాకు సెలవు జుమ్మా కదా. శనివారం పొద్దున విల్లు పట్టుకుంటే రొమ్ము పట్టేస్తాది." ఆ ప్రశ్నలు రాసేటప్పుడు దూది ఏకే మనిషొకడు పక్కన కూర్చొనుంటే ఆ ఒక్క మాట మారేది. ఆయన జబ్బు లెక్కలోకి వచ్చేది. మష్వరా అడిగేది మర్యాద కోసం కాదు. అది లేకపోతే శాస్త్రమే తప్పు లెక్క రాసుకుంటుంది.

మాకు కనీసం ఇజాజత్ అడిగారు. అదీ అడగని చోటుంది. 2009లో అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో, ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. చాలామంది హాస్టళ్లలో చదివే గిరిజనుల బిడ్డలు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవయ్యాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి సంగతి తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక ఇచ్చింది. పరిశీలించిన 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. బిడ్డను కన్న అమ్మానాన్నలు అడవిలో ఉన్నారు, సంతకం వార్డెన్ పెట్టాడు. టీకా మంచిదే కావచ్చు. మంచిదైనంత మాత్రాన అడగకుండా పొడవచ్చా? గిరిజనులైతే వార్డెన్, మేమైతే ముత్తవల్లి, దళితులైతే సర్పంచ్. మా తరఫున తలూపే పెద్దమనిషి ఎప్పుడూ ఒకడు దొరుకుతూనే ఉంటాడు.

పులివెందుల వైపు పోతే కథ తిరగబడుతుంది. అక్కడ జనమే ప్రశ్న పట్టుకొని నిలబడ్డారు. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని కోసం 2006 సెప్టెంబర్ 10న ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. 2012లో ఉత్పత్తి మొదలైంది. తర్వాతి ఏళ్లలో వ్యర్థాల చెరువు పక్కనున్న కొట్టాల, చుట్టుపక్కల పల్లెల రైతులు బోరు నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండుతున్నాయని, ఒంటిమీద దద్దుర్లు లేస్తున్నాయని మొత్తుకున్నారు. తమ వల్ల కాదంటుంది యురేనియం కార్పొరేషన్. 2019లో నిపుణుల కమిటీ వేశారు. ఎవరి మాట నిజమో తేల్చాల్సింది పరీక్షలే. అయితే ఏ బోరు నీళ్లు తియ్యాలి, ఏ నెలలో తియ్యాలి, ఎవరి చర్మం చూడాలి అన్నది ఆ నీళ్లు తాగేవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? నమూనా తీసే రోజు వాళ్లను పక్కన నిలబెట్టుకుంటే, రేపు వచ్చే ఫలితం ఏదైనా వాళ్లు నమ్ముతారు.

'మీ వాళ్లకు సైన్సంటే భయం, పోలియో చుక్కలే వద్దన్నారు' అని నా ముఖం మీదే అన్న మిత్రులున్నారు. నిజమే, ఉత్తరప్రదేశ్ ముస్లిం వాడల్లో ఒకప్పుడు తలుపులు మూసుకున్నారు. 2002లో దేశంలో 1,600 పోలియో కేసులు వస్తే ఎక్కువ అక్కడివే. రోడ్డు లేదు, మురుగు కాలువ లేదు, ఆసుపత్రి లేదు, చుక్కలు మాత్రం మళ్లీ మళ్లీ ఇంటికొస్తున్నాయేమని వాళ్ల అనుమానం. దానికి మందేమిటి? ఆ వాడల ఆడవాళ్లనే పనిలోకి తీసుకున్నారు. ఇమాములతో కూర్చున్నారు. అలీగఢ్, జామియా విశ్వవిద్యాలయాల వాళ్లను కలుపుకున్నారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు. 2014 మార్చి 27న పోలియో పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రం ఇచ్చింది. అప్పటి భయం సైన్సు మీద కాదు, అడగకుండా వచ్చే చేతి మీద.

జమ్మలమడుగులో మా ఆపాకు చక్కెర జబ్బు. రంజాన్‌లో రోజా వద్దంటారు డాక్టర్లు. ఆమె ఉంటుంది, చెప్పకుండా ఉంటుంది. 2001లో మన దేశంతో సహా 13 దేశాల్లో 12 వేల మందికి పైగా ముస్లిం చక్కెర రోగులను అడిగి చూస్తే, టైప్ 2 వాళ్లలో 79 శాతం మంది కనీసం 15 రోజులు రోజా ఉన్నామన్నారు. వద్దనడంతో పని కాదని అక్కడే తెలిసిపోయింది. ఆపా అడిగేది ఒకటే: సహరీకి ఏ మాత్ర, ఇఫ్తార్‌కు ఎంత? మా ఇళ్లల్లోంచి పుట్టాల్సిన పరిశోధన అది.

2019 మందుల ప్రయోగాల నియమాల ప్రకారం ప్రతి నైతిక సంఘంలో కనీసం ఏడుగురుండాలి, వాళ్లలో ఒకరు మామూలు మనిషై ఉండాలి. సంతోషం. కానీ ఆ మనిషి ముందుకు కాగితం వచ్చేసరికి ప్రశ్న తయారైపోయి ఉంటుంది. మాకు కావాల్సింది అంతకుముందు కూర్చొనే చోటు. జబ్బు ఏదని తేల్చే నాడు దూది ఏకేవాళ్లు, రోజా ఉండేవాళ్లు, బోరు నీళ్లు తాగేవాళ్లు అక్కడుండాలి. పోగొట్టుకున్న కూలికి డబ్బులివ్వాలి. ఫలితం వచ్చాక మా వీధికి వచ్చి మా భాషలో చెప్పాలి.

రక్తం ఇవ్వమని మేమెప్పుడూ అనలేదు. ముందు కూర్చోండి, మాట్లాడదాం.