గాడి పడ్డ యోకు

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఒక్కో వీధిది ఒక్కో పని. ఒకచోట లారీలకు బాడీలు కడుతుంటారు, పక్క సందులో కమాను కట్టలు విప్పుతుంటారు, ఇంకాస్త ముందుకెళితే రేడియేటర్లు. 1960లలో మొదలైన ఈ పేటలో నేను వెతుక్కుంటూ వెళ్లింది ఒక లేతు షాపు కోసం. వెనక ఇరుసు దగ్గర ఆయిల్ కారే బండ్లు చివరికి అక్కడికే చేరతాయని ఒక మెకానిక్ చెప్పాడు.

నేను వెళ్లేసరికి కంకర టిప్పర్ డ్రైవరు ఒకతను యోకు విప్పించి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రొపెల్లర్ షాఫ్టును ఇరుసు హౌసింగ్‌లోని పినియన్‌కు కలిపే రెండు చెవుల ఉక్కు ముక్క అది. చెవుల్లో కీలుగా పనిచేసే క్రాసు కూర్చుంటుంది. వెనకవైపు గుండ్రటి మెడ ఆయిల్ సీలులో తిరుగుతుంది.

"సీలు మార్చినప్పుడల్లా నాలుగు రోజులు బాగుంటోంది మేస్త్రీ గారూ, మళ్లీ మామూలే" అన్నాడతను.

అరవై దాటిన టర్నర్ సీలు సంగతి అడగనే లేదు. బొటనవేలి గోరుతో మెడ మీద నిలువునా గీశారు. ఒకచోట గోరు తట్టుకుంది.

"తప్పు ఇక్కడుందయ్యా. నువ్వేమో సీళ్లు మారుస్తున్నావు."

మెత్తటి రబ్బరు ఉక్కును ఎలా తినేస్తుందని అడిగాను. తినేది రబ్బరు కాదట, దుమ్ము. సీలు పెదవి చుట్టూ ఉండే సన్నటి స్ప్రింగు ఆ పెదవిని మెడకు అదిమి పట్టి ఉంచుతుంది. క్వారీ దుమ్ము అక్కడ చేరి రబ్బరులో నాటుకుపోతుంది. ఇరుసు నిష్పత్తి ఆరైతే, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో యోకు నిమిషానికి దాదాపు 1,500 చుట్లు తిరుగుతుంది. అన్ని చుట్లూ ఒకే గీత మీద. చేదతాడు ఒరిపిడికి బావిగట్టు రాయి కోసుకుపోయినట్టు గాడి పడుతుంది. ఆ గాడిలో కొత్త సీలు పెదవి సరిగా ఆనదు, ఆనినా గాడి గరుకుకు త్వరగా అరిగిపోతుంది.

యోకు లేతుకు ఎక్కించే ముందు ఆయన మూడు ప్రశ్నలు వేశారు. హౌసింగ్ మీది బ్రీదర్ మూసుకుపోయిందా? మూసుకుపోతే వేడెక్కిన గాలి బయటికి పోలేక ఆయిల్‌ను సీలు మీదుగా తోసేస్తుంది. పినియన్ ఆడుతోందా? బేరింగ్ లూజైతే ఏ సీలూ నిలవదు. తడి సీలు అంచున ఉందా, యోకును పినియన్‌కు బిగించే మధ్య నట్టు దగ్గర ఉందా? నట్టు దగ్గరైతే ఆయిల్ వచ్చేది సీలు నుంచి కాదు, యోకు లోపలి పళ్ల సందుల్లోంచి. అప్పుడు పళ్లకు, వాషరు కింద సీలెంటు పూస్తే సరిపోతుంది. బ్రీదర్ శుభ్రం చేయించానని, పినియన్ ఆడటం లేదని, తడి అంచునే ఉందని డ్రైవరు చెప్పాకే మైక్రోమీటరు బయటికొచ్చింది.

గాడి లోతు తక్కువైతే పావు మిల్లీమీటరు మందం ఉండే స్టీలు స్లీవు తొడిగితే చాలు, పాత సైజు సీలే సరిపోతుంది. ఇక్కడ గాడి లోతుగానే ఉంది. వెల్డింగ్‌తో నింపకూడదా అంటే తల అడ్డంగా ఊపారు. ఆ వేడికి మెడ వంకర పోతుంది, లోపలి పళ్లూ పాడవుతాయి. అందుకని మెడను కొంత చెక్కి, నీడిల్ బేరింగ్ లోపలి రింగును బిగించాలని తేల్చారు. అది గట్టిపరిచి గ్రైండింగ్ చేసిన ఉక్కు. చెక్కిన తర్వాత పళ్ల మీద తగినంత మందం మిగులుతుందో లేదో ముందే లెక్క చూసుకున్నారు.

రింగును గ్యాసు మంట మీద పెట్టలేదు. అతిగా కాలితే దాని గట్టిదనం పోతుంది. నూనె గిన్నెలో వంద డిగ్రీలకు కాస్త పైన కాచి, పటకారుతో తీసి మెడ మీదికి జార్చారు. మిల్లీమీటరులో వందో వంతులు మూడు నాలుగు బిగువుగా ఉండేలా చెక్కిన మెడను ఆ రింగు చల్లారేకొద్దీ కరుచుకుంది.

సన్నటి ఎమ్రీ కాగితంతో మెరుగు పెట్టేటప్పుడు ఆయన చెయ్యి పక్కకు జరగలేదు. జరిపితే రింగు మీద మరచుట్టు గీతలు పడతాయి, ఆ గీతలే తిరిగేటప్పుడు ఆయిల్‌ను బయటికి లాగుతాయి. అందుకు పరీక్ష కూడా చూపించారు. రింగుకు నూనె రాసి, దాని మీదుగా చిన్న బరువు కట్టిన దారం వేలాడదీసి, లేతును నెమ్మదిగా తిప్పారు. దారం ఏ పక్కకూ నడవలేదు.

"నట్టు ఇష్టమొచ్చినట్టు బిగించొద్దని మెకానిక్‌కి చెప్పు, బేరింగ్ బిగువు దాన్నిబట్టే ఉంటుంది. కొత్త సీలు పెదవికి గ్రీజు రాయకుండా ఎక్కించొద్దు" అని చెప్పి యోకు చేతికిచ్చారు.

ఆ వెంటనే ఇంకొకాయన మరో యోకు తెచ్చారు. దాని మెడ మీద గాడి లేదు, లోపలి పళ్లు అరిగిపోయాయి. టర్నర్ దాన్ని వెలుతురులో ఒకసారి తిప్పి చూసి వెనక్కిచ్చేశారు. "రింగు వేసి డబ్బులు తీసుకోవచ్చు. బండి మాత్రం నడిరోడ్డు మీద ఆగిపోతుంది. దీనికి కొత్తదే కొనండి." ఆ సంపాదన వదులుకున్నాక కూడా షాపు ముందు వరస తగ్గలేదు. ఆయన మాట మీద నమ్మకం కుదిరింది కనుకనే జనం అక్కడికి వస్తున్నారు.