మా ఇంట్లో కరెంటు దొంగ

కరెంటు దొంగల్ని పట్టే ప్రోగ్రాం రాశానని మొన్నామధ్య ఆఫీసులో తెగ గొప్పలు పోయాను. అది పట్టిన మొదటి దొంగ మా అమ్మ!

మాది గాజువాక. మేం పైన, కింది పోర్షన్లో స్టీల్ ప్లాంటులో పనిచేసే బాబాయిగారు. ఇంజినీరింగులో చదువుకున్న సిగ్నల్ ప్రాసెసింగు ఈ జావా గొడవలో పడి తుప్పుపట్టిపోతోందని దిగులేసి, మా రెండు పోర్షన్లకీ, ఎదురింటికీ (అడిగేలెండి) వోల్టేజీ, కరెంటు కొలిచే చిన్న బోర్డులు పెట్టాను.

సూత్రం మన ఓమ్ గారిదే. మీటరుని తప్పించి కరెంటు లాగితే రీడింగు పెరగదు. కానీ ఆ కరెంటూ స్తంభం నుంచి అదే సర్వీసు వైరులోంచి రావాలి కదా. వైరు నిరోధం అర ఓమ్ అనుకుంటే 10 ఆంపియర్లకి 5 వోల్టులు పడిపోతాయి. వోల్టేజీ పడింది, మీటరు మాత్రం ఏమీ ఎరగనట్టు కూర్చుంది అంటే అనుమానించాల్సిందే. ఎదురింటి వోల్టేజీతో తేడా తీస్తే లైను మొత్తానికీ వచ్చే ఎగుడుదిగుళ్లు పోతాయి. (నేరుగా లైనుకే కొక్కెం తగిలిస్తే ఈ లెక్క పనిచెయ్యదు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రీడింగులోంచి ఇళ్ల రీడింగులన్నీ తీసేసి చూసుకోవాలి.)

వారం తిరిగేసరికి మా ఇంటి మీద ఎర్ర గుర్తు. రోజూ తెల్లవారుజాము నాలుగున్నరకి దాదాపు 6 వోల్టులు డౌను. మా ఇంట్లో ఆ టైములో తిరిగేది ఫ్యాను, ఫ్రిజ్జు మాత్రమే. దొంగతనానికి ఇంతకన్నా మంచి ముహూర్తం ఉంటుందా?

"ఏట్రా, నెలనెలా బిల్లు కడతన్నాం కదా, నేను దొంగనా?" అంది అమ్మ.

నవ్వేశాను గానీ, ఇది తేలిక విషయం కాదు. 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కరెంటు చోరీకి మూడేళ్ల దాకా జైలు. మన రాష్ట్రం అంతకు ముందే, 2000లోనే, చట్టాన్ని సవరించి బిగించింది. ఇదే ప్రోగ్రాం ఏ డిస్కంలోనో నడుస్తూ ఉంటే, ఆ ఎర్ర గుర్తు పట్టుకుని తనిఖీవాళ్లు వీధి అందరి ముందూ మా తలుపు కొట్టేవాళ్లు.

రెండోవారం దొంగ టైము మార్చాడు. మధ్యాహ్నం పన్నెండున్నర. మూడోవారం రాత్రి ఎనిమిదిన్నర. అప్పుడు వెలిగింది. అవి బాబాయిగారి షిఫ్టులు! డ్యూటీకి వెళ్లేముందు ఆయన గీజరు వేస్తారు. 2 కిలోవాట్లు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. స్తంభం నుంచి మా రెండు మీటర్లకీ వైరు ఒకటే, ఆ సంగతి నేను లెక్కలో పెట్టనే లేదు. పైగా స్తంభం దగ్గర జాయింటుకి మన ఉప్పుగాలి తుప్పు.

లైన్‌మేన్ జాయింటు మార్చాక ఆ 6 వోల్టులు ఒకటిన్నరకి దిగాయి. బాబాయిగారికి మాత్రం ఆయన ఎప్పుడు స్నానం చేస్తారో మా ఇంటి గ్రాఫులో కనిపించిందని ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ప్రోగ్రాంలో 'దొంగ' అని వచ్చేచోట ప్రస్తుతానికి 'వైరింగు చూడాలి' అని మార్చాను.