వరుస

తెలుగున ‘వరుస’ యను మాటకు రెండర్థములు కలవు. ఒకరి వెనుక నొకరు నిలుచుట వరుస. ఒకరికొకరు ఏమగుదురో తెలుపునదియు వరుసయే. “ఆయన నీకేం వరుస?” అని పాలమూరు ప్రాంతపు మా ఆత్మకూరులో అడిగినచో అడిగినవారికి కావలసినది బంధుత్వము; “వరుసలో రా” అన్నచో కావలసినది క్రమము. ఈ రెండింటికి ఒకే మాట యెట్లు కుదిరినదో నేనెన్నడును ఆలోచించి యుండలేదు. మొన్నటి దసరా సెలవులలో హైదరాబాదు వెలుపల రావిర్యాల చెంతనున్న వండర్‌లా వినోదోద్యానమున, వేలకొలది జనుల నడుమ, ఇనుప కమ్మీల సందున ఒక గంటకు పైగా మనుమరాలి చేయి పట్టుకొని నిలుచున్న పిదప, అది ఊరక కుదిరినది కాదని నాకు గట్టిగా తోచినది.

తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరితిమి. నేను, నా భార్య, కొడుకు, కోడలు, పదమూడేండ్ల మనుమడు, ఆరేండ్ల మనుమరాలు. కొత్తకోట యొద్ద జాతీయ రహదారి నెక్కి, జడ్చర్ల, షాద్‌నగరముల మీదుగా శంషాబాదు చేరి, ఔటర్ రింగు రోడ్డు పట్టి రావిర్యాల యొద్ద దిగువరకు ఇంచుమించు 150 కిలోమీటర్ల ప్రయాణము. లోనికి ఇంటి తిండి కొనిపోరాదు గనుక, వాహనములు నిలుపు చోటనే దుప్పటి పరచి, నా భార్య రాత్రియే కాల్చి గుడ్డలో చుట్టిన సద్ద రొట్టెలను పల్లి పొడితో, పెరుగుతో అందరమును తింటిమి. మా వలెనే మరి నాలుగైదు కుటుంబములు అచ్చటచ్చట కూర్చుండి డబ్బాలు విప్పుచుండెను. పులిహోర వాసన ఒక ప్రక్కనుండి, మామిడికాయ తొక్కు వాసన మరియొక ప్రక్కనుండి వచ్చుచుండ, ఆ స్థలము కొంతసేపు వనభోజనముల తోటవలె నుండెను.

ఈ ఉద్యానము మన ప్రాంతమున పుట్టినది కాదు. వి-గార్డు సంస్థను నెలకొల్పిన కేరళీయుడు కొచ్చౌసెఫ్ చిట్టిలపిళ్ళి 2000 సంవత్సరమున కొచ్చిలో మొదటిదానిని, 2005లో బెంగుళూరులో రెండవదానిని స్థాపింపగా, 2016 ఏప్రిల్‌లో మన రావిర్యాలలో మూడవది తెరువబడినది. అప్పటినుండి పాలమూరు పల్లెల బడిపిల్లలకు ‘వండర్‌లా’ యనునది చార్మినారుతో, గోలకొండతో సమానమైన పేరైనది. ఒక యేడు చూచి వచ్చినవాడు మరుసటి యేడు వరకు తరగతిలో దానినే చెప్పుకొనును.

మూడు దినములకు ముందే నా కొడుకు ఫోనులో టికెట్లు తీసికొని యుండెను. తమ ఇద్దరికిని, పిల్లవానికిని ఎక్కువ వెల పెట్టి ‘ఫాస్ట్‌ట్రాక్’ టికెట్లు. నాకు, నా భార్యకు, చిన్నదానికి సామాన్యపు టికెట్లు. ఇట్లు విభజింపుమని చెప్పినవాడను నేనే. మేమెక్కు ఆటలు రెండో మూడో. దానికింత సొమ్ము దండుగ యని నా అభిప్రాయము. ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు గలవారు వేరొక దారిని పోయి ఎక్కువసేపు నిలువకయే ఆటనెక్కుదురు. తక్కినవారు కమ్మీల నడుమ మెలికలు తిరిగి తిరిగి చేరుదురు. ద్వారము దాటిన ఘడియలోనే మా ఆరుగురము ముగ్గురు, ముగ్గురుగా విడిపోతిమి.

చోటును ముందుగా పట్టి యుంచుకొనుట మనకు క్రొత్తది కాదు. ఆర్టీసీ బస్సు స్టాండులోనికి వచ్చుచుండగనే కిటికీలోనుండి తువ్వాలు విసరి సీటు పట్టుకొనని పల్లెవాసి యుండడు. ఆ తువ్వాలును తీసి క్రింద పడవేసి కూర్చుండువాడును అరుదు. ఎరువుల దుకాణము ముందు తెల్లవారక మునుపే వచ్చిన రైతులు ఎండ యెక్కగానే తమ చెప్పులను, పట్టాదారు పుస్తకములను వరుసగా నేలపై నుంచి, తాము చెట్టు నీడకు పోయి కూర్చుండుట నేనెన్నియో మారులు చూచితిని. చెప్పులు మనుష్యునికి మారుగా నిలుచును. ఎవ్వరును వానిని దాటి ముందుకు పోరు. పాదుకలను సింహాసనముపై నుంచి పదునాలుగేండ్లు రాజ్యము నడిపిన భరతుని కథ వినుచు పెరిగిన జాతికి ఇందు వింత తోపదు. అయితే ఆ చెప్పుల వరుసలో ఒక ధర్మమున్నది: ముందు వచ్చినవాని చెప్పులు ముందుండును. పదెకరముల వానివైనను, అరయెకరము వానివైనను, తెగిన వారు గలవైనను, క్రొత్తవైనను, వచ్చిన క్రమమే క్రమము.

అమెరికాలోని డిస్నీ సంస్థవారు 1999లో ‘ఫాస్ట్‌పాస్’ అను పద్ధతి నారంభించినప్పుడు, ఆశ్చర్యమేమన, అదియును చెప్పుల పద్ధతియే. ఆట యొద్దకు పోయి ఒక చీటీ తీసికొన్నచో దానిపై మరల రావలసిన వేళ ముద్రింపబడి యుండును, అంతవరకు మన కాలము మనది, వెల లేదు, ముందు వచ్చినవానికి ముందటి వేళ. ఇరువది యేండ్లు సాగిన ఆ పద్ధతిని మాన్పించి, 2021లో దాని స్థానమున సొమ్ము చెల్లించి కొనవలసిన పద్ధతిని పెట్టిరి. చెట్టు నీడన కూర్చున్నవాని చెప్పులను ప్రక్కకు జరిపి, సొమ్మిచ్చినవాని చెప్పులను ముందుంచుటకును దీనికిని భేదము నాకు కానరాదు.

లెక్క వేసి చూచినను ఈ మాటయే తేలును. ఒకేసారి 24 మంది కూర్చుండు ఆట మూడు నిమిషముల కొకసారి తిరుగునని అనుకొందము. గంటకు 480 మందికి చోటు. వరుసలో 720 మంది యున్నచో కడపటివాడు గంటన్నరలో ఎక్కును. ఆ 480లో 120 చోట్లు ముందుగా కొన్నవారికి పోయినచో వరుసకు మిగులునవి 360. కడపటివానికి ఇప్పుడు రెండు గంటలు. క్రొత్తగా ఒక్క కుర్చీయు పుట్టలేదు; ఒకరికి మిగిలిన కాలము మరియొకరి కాలము నుండి తీసినదే. 1909లో కోపెన్‌హేగన్ నగరపు టెలిఫోను కంపెనీలో పనిచేయుచుండిన ఎర్లాంగ్ అను గణితజ్ఞుడు, పిలుపుల రాకడను లెక్కగట్టి ఒక శాస్త్రమునకే పునాది వేసెను; నేటికిని నిరీక్షణమును గణించువారందరును ఆయన శిష్యులే. కాని నిరీక్షించువారు ఒకరితో నొకరు ఏమి మాటలాడుకొందురో ఆ గణితమున లేదు. నేను చెప్పవలసినది అదియే.

పిల్లలకై నిర్మించిన నిదానపు ఆట ఒకదాని వరుసలో మేము ముగ్గురము నిలిచితిమి. రంగు వేసిన ఇనుప కమ్మీలకు, పెద్దల చేయి ఆనుచోట ఒకటి, పిల్లల చేయి ఆనుచోట ఒకటి, రెండు ఎత్తులలో రంగు అరిగి లోపలి ఇనుము వెండివలె మెరయుచుండెను. నా మనుమరాలి అరచేయి సరిగా ఆ క్రింది మెరుపుపైననే పడినది. మా ముందు ముప్పది యేండ్ల యువతి యొకతె, అయిదేండ్ల కొడుకుతో నుండెను. మొదటి మలుపు వరకు ఎవరి మాటలు వారివి. రెండవ మలుపున ఆ బాలుడు చెప్పు జారవిడువగా నా మనుమరాలు వంగి తీసి యిచ్చినది. అంతట ఆమె వెనుదిరిగి, “ఏ ఊరమ్మా మీది?” అని నా భార్య నడిగెను.

“ఆత్మకూరు. మీది?”

“మక్తల్ పక్క. మా చిన్నమ్మను ఆత్మకూర్లనే ఇచ్చిండ్రు.”

“ఎవరింటికి?”

ఇంటి గుర్తు చెప్పినది, వీథి చెప్పినది, ఆ యింటి ముందరి వేపచెట్టు చెప్పినది. నా భార్య ముఖము వికసించెను. ఆ చిన్నమ్మగారి అత్త మా మేనత్తకు తోడికోడలట! వ్రేళ్ళపై లెక్కించి, ఒకచోట తప్పి, మరల మొదటినుండి లెక్కించి, తుదకు “అట్లయితే నువ్వు నాకు కోడలి వరుసైతవు” అని నా భార్య తేల్చి చెప్పెను. “అట్లనా అత్తమ్మా!” అని ఆమె నవ్వెను. అప్పటినుండి ఆమె నోట అత్తమ్మ యను పిలుపే కాని వేరొకటి లేదు. నేను మామనైతిని. పిల్లలిద్దరును కమ్మీకి ఆ వైపొకరు ఈ వైపొకరు నిలిచి చెమ్మచెక్క లాడుచుండిరి. వరుస జరిగినప్పుడెల్ల ఆట నాపి ఒక్కొక్క అడుగు జరిగి మరల మొదలిడుచుండిరి. ఆ గంటసేపటిలో మక్తల్ వైపు ప్రత్తి యెట్లున్నదో, ఆమె భర్త పుణెలో ఏ పని చేయుచున్నాడో, జూరాల ఆనకట్టకు ఈ యేడు వరద యెన్నాళ్ళు నిలిచినదో అన్నియు తెలిసినవి. పాలమూరు వలస గూర్చి పత్రికలలో నేను చదివినది చాల కలదు. భర్తను సంక్రాంతికి మాత్రమే చూచు ఇల్లాలి నోట, బిడ్డను సంతోషపెట్టుటకు అన్నతో వచ్చి, అన్న వేరొక ఆటకు పోగా తానొంటరిగా వరుసలో నిలిచి చెప్పిన ఆ నాలుగు మాటలు విన్నది అప్పుడే.

మా వంతు వచ్చినప్పటికి రెండే చోట్లు మిగిలి యుండెను. మా ముందున్నది ఆమె. ఆ రెండును న్యాయముగా ఆమెకును కొడుకునకును చెందినవి. ఆమె తటాలున వెనుకకు జరిగి, “పిల్లలిద్దరు జతగ కూసుంటరు, నేను మీతోని తర్వాత వస్త” అని మా చిన్నదానిని ముందుకు పంపినది. పిల్లలిద్దరును చేతులు పట్టుకొని ఎక్కిరి. గంటకు పైగా కాళ్ళు నొచ్చునట్లు నిలిచి సంపాదించిన తన వంతును ఆమె అరక్షణమున దానము చేసినది! కొన్న వంతు కొన్నవానికే చెల్లును. నిలిచి సంపాదించిన వంతును ఇచ్చివేయ వచ్చును.

ఆ వేళనే మా మనుమడు, తండ్రితోను తల్లితోను రికాయిల్ అను పెద్ద రోలర్ కోస్టరు ఎక్కి వచ్చెను. బండిని వెనుకకు ఎత్తునకు లాగి విడిచిపెట్టగా తలక్రిందులుగ మెలికలు తిరిగి అవతలి ఎత్తునకు పోయి, మరల అదే దారిని వెనుకకు వచ్చునట. వాడు చేతులతో ఆ మార్గమంతయు గాలిలో గీసి చూపెను. అప్పటికే వారు ఎక్కిన ఆటలు ఆరు. యేడాది పొడవున తెల్లవారకముందే లేచి పనిలో దిగు నా కోడలు, జుట్టు చెదరి, కన్నుల నీరు తుడుచుకొనుచు, చిన్నపిల్లవలె నవ్వుచుండుట నేను చూచితిని. ఆ నవ్వును కాదనుటకు నాకు మనసొప్పదు. ఒక్క దినమే సెలవు దొరకువారికి, 150 కిలోమీటర్లు వచ్చి తిరిగి పోవలసినవారికి, కాలమునకు వెల కట్టవలసి వచ్చుట నేనెరుగుదును. మోకాళ్ళ నొప్పి గలవారికి, చంటిబిడ్డల తల్లులకు ముందుగా వేళ నిర్ణయించుట ఎంతయు అవసరము. నా ఆక్షేపణ వేళను నిర్ణయించుటపై కాదు, దానిని అమ్ముటపై.

తిరుమలలో రెండు పద్ధతులును కలవు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమును కలదు. ఒక్క కాసు చెల్లింపకయే వేళ తెలుపు సర్వదర్శనపు టోకెన్లును కలవు. వైకుంఠము కాంప్లెక్సులో కూర్చున్నవారికి పాలు, ఉప్మా తెచ్చి యిత్తురు. అన్నము పెట్టి నిలుపు వరుసలో బాధ తక్కువ. మా ప్రాంతమున పేదల తిరుపతి యని పేరు వడసిన కురుమూర్తిలో అంత ఏర్పాటు లేదు. మెట్లు, జనము, దుమ్ము. దీపావళి గడచినంతనే కొండపై బ్రహ్మోత్సవములు మొదలగును. ఒకనాడు అమరచింత సంస్థానమునకు రాజధానియైన మా ఆత్మకూరు నుండి స్వామి యాభరణములు ఊరేగింపుగా వెడలును. వడ్డెమాన్ నుండి దళితులు నియమముతో కుట్టిన స్వామి పాదుకలు, ఉద్దాలు, బయలుదేరును. ఆ ఉద్దాలకు మ్రొక్కుటకు మోతుబరియు, కూలివాడును భుజము భుజము రాచుకొని నిలుతురు. క్రింద జాతరలో రంగులరాట్నము తిప్పువాడు, కూర్చున్నవారు దిగకముందే ఎగబడు పిల్లలను చేతితో ఆపి, “ఎవరు ముందుగాల వచ్చిండ్రు?” అని పిల్లలనే యడుగును. పిల్లలు నిజమే చెప్పుదురు.

ఉద్యానముల నడుపు పెద్దలకు నా విన్నపమొకటి. ముందుగా వేళ పట్టుకొను సౌకర్యమును తీసివేయ నక్కరలేదు. దానిని వచ్చిన క్రమమున అందరికిని వెల లేక ఇండు. వృద్ధులకు, గర్భిణులకు, నిలువలేనివారికి మొదట ఇండు. వరుసకు నీడ, త్రాగు నీరు, మలుపు మలుపున ఒక బల్ల కల్పింపుడు. పిల్లలను కొనిపోవు తల్లిదండ్రులకును ఒక మాట: వరుసలో నిలిచినంతసేపు పిల్లల చేతికి ఫోను నీయక, ముందున్న బిడ్డ పేరేమో అడిగి రమ్మని పంపుడు.

సాయంత్రము ద్వారము యొద్ద ఆరుగురము మరల కలిసికొంటిమి. షాద్‌నగరము దాటక మునుపే పిల్లలు నిద్రపోయిరి. నిన్న మక్తల్ కోడలు ఫోను చేసినది. ఉద్దాల నాడు ఉదయము కురుమూర్తి మెట్ల క్రింద కలిసికొనవలెనని అత్తాకోడండ్రిద్దరును నిశ్చయించుకొనిరి.