పిల్లికున్న దారి

మా ఊళ్ళో ఆసామి ఇంటి పిల్లికి వంటింటిదాకా దారి ఉండేది. మాయమ్మకు దొడ్డిదాకానే. ఇరవై ఏళ్ళు ఆ ఇంటి పేడకళ్ళెత్తింది, ఆ ఇంటి వడ్లు చెరిగింది, వంటింటి గడప అవతల ఏముందో చూడకుండానే చచ్చిపోయింది. పాలగిన్నెలో మూతిపెట్టిన పిల్లిని అదిలించి ఆ పాలే కాచుకునేవాళ్ళు. మాయమ్మకు మజ్జిగ ఎత్తునుంచి దోసిట్లో పోసేవాళ్ళు. ఇది మా ఒక్క ఊరి సంగతి గాదు. 1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ దిగి నీళ్ళు తాగిన ఆ చవదార్ చెరువులో పశువులు తాగొచ్చు, మనం తాగితే మైల. జాషువా కావ్యంలో అంటరానోడు గుళ్ళోకి తను పోలేక గబ్బిలంతో కబురంపుకున్నాడు. పిల్లినీ గబ్బిలాన్నీ చూసి కుళ్ళుకోవాల్సొచ్చిన బతుకులు మనయి.

అందుకే ఇస్తాంబుల్ పిల్లుల గురించి రాస్తన్నా, సరదాకు గాదు.

2022 నవంబరులో నెలరోజులు ఒక్కదాన్నే అక్కడున్నా. ఆడమనిషివి, యాభై దాటినాయి, ఒంటరిగా అక్కడ నీకేం పని అని అడగనోళ్ళు లేరు. చూడాలనిపించింది, పోయా. బోస్ఫరస్ జలసంధికి ఆసియా వైపున కడికోయ్ అనే పేటలో ఒక గది అద్దెకు తీసుకున్నా.

అక్కడి పిల్లులు ఎవరియీ గావు, అందరియీ. కొట్ల గడపల్లో నీళ్ళ గిన్నెలు, పక్కన మేత. చలికి చెట్లకింద చెక్క గూళ్ళు. టీకొట్లో కుర్చీ మీద పిల్లి పడుకుంటే మనిషి నిలబడి తాగుతాడుగానీ దాన్ని లేపడు. తొంబిలి అనే వీధిపిల్లి చచ్చిపోతే, 2016లో అది మోచెయ్యి ఆనించి కూర్చునే మెట్టు మీదనే దాని బొమ్మ చేసి పెట్టారు. అది కడికోయ్‌లోనే ఉంది, పోయి చూశా. పిల్లి మూతిపెట్టిన నీళ్ళు మైల గాదని ఇస్లాం చెబుతుంది. ఆ మాట విన్నప్పుడు నాకు మా ఆసామి ఇల్లే గుర్తొచ్చింది. అక్కడా పిల్లికి మైల లేదు గదా! తేడా యాడుందో మనిషి దగ్గర చూడాలనుకున్నా.

చూశా. మొదటిరోజు టీకొట్లో కూర్చున్నా. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో టీ తెచ్చిన కుర్రాడు "అబ్లా" అన్నాడు. అంటే అక్కా. మాయమ్మను ఊళ్ళో పసిపిల్లగాడు కూడా పేరుపెట్టి ఏమే అనేవాడు. నా వయసు సగం లేని తెల్లపిల్లగాడు నన్ను అక్కా అంటన్నాడు. టీ తాగినంకా నా కళ్ళు గ్లాసు వెంటే పోయినయి. అన్నిటితో కలిపి కడిగాడు, అందులోనే టీ పోసి పక్క బల్ల ముసలాయనకు ఇచ్చాడు. ఆయన తాగాడు. రెండు గ్లాసుల హోటళ్ళ ముందు పెరిగినోళ్ళకు తప్ప ఆ తాగడం ఇంకెవరికీ కనపడదు.

పది రోజులకు జ్వరమొచ్చింది. కిందింటి ముసలామెకు నా భాష రాదు, నాకు ఆమెది రాదు. ఎర్రపప్పు చారు కాచి నిమ్మకాయ పిండి తెచ్చింది. మర్నాడు మెట్లెక్కలేక చెయ్యిపట్టుకుని తన వంటింట్లోకే తీసకపోయింది. పొయ్యి పక్కన కూర్చోబెట్టి గరిటె నా చేతికిచ్చి కలపమంది. కలిపా. మాయమ్మ బతికుంటే ఈ ముక్క చెప్పేదాన్ని. నమ్మేది గాదు.

నువ్వేందని అక్కడ నన్నెవరూ అడగలేదా? అడిగారు. పెళ్ళయిందా, పిల్లలెందరు, జీతమెంత, అన్నీ. హిందుస్తాన్ అంటే చాలు, పెద్దోళ్ళు 'ఆవారా' పాట కూనిరాగం తీసేవాళ్ళు. ఇంటిపేరు అడిగింది మాత్రం మనోళ్ళే. కడికోయ్ నుంచి అవతలి ఒడ్డుకు పోయే లాంచీలో తెలుగు భార్యాభర్తలు కలిశారు. తెలుగు మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. ఆమె పూతరేకు పెట్టింది. "మనవాళ్ళేనా అండీ? ఏ ఊరు?" చెప్పా. "ఊళ్ళో ఎవరి తాలూకు? ఇంటిపేరేంటండీ?" అదీ చెప్పా. "అంటే... చర్చి వైపా?" "మాదిగపల్లె" అన్నా. ఆయన కొంగల్ని ఫోటో తీస్తానని లేచాడు. ఆమె డబ్బాకు మూతపెట్టింది. ఒడ్డొచ్చేదాకా ముగ్గురం సముద్రాన్నే చూశాం.

అమెరికా నల్లజాతి రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1961లో ఈ ఊరొచ్చి 'అనదర్ కంట్రీ' నవల పూర్తి చేశాడు. ఆ పదేళ్ళూ వచ్చిపోతా ఉన్నాడు. ఆయనెందుకు వచ్చిపోయాడో ఆ లాంచీ దిగినంకా నాకు ఇంకొంచెం అర్థమయింది.

అయితే ఇస్తాంబుల్‌ను నెత్తినబెట్టుకోవడానికి ఇది రాయడం లేదు. ఈ ఊరే 1910లో వేలాది వీధికుక్కల్ని పట్టి మర్మరా సముద్రంలో సివ్రియాడా అనే ఉత్త రాళ్ళ దీవిలో వదిలేసింది. ఆకలికీ దప్పికకూ చచ్చినయి. 2024లో మళ్ళీ వీధికుక్కల్ని పట్టి షెడ్లలో పెట్టాలని చట్టమొచ్చింది. ప్రేమ యాడ ఆగుతుందో ఎవరో గీత గీస్తానే ఉంటారు. మనుషుల్లోనూ ఉంది ఆ గీత. పెద్ద గోతంసంచి కట్టిన రెండు చక్రాల బండి లాగుతా చెత్తడబ్బాల్లో అట్టలూ ప్లాస్టిక్కూ ఏరుకునేవాళ్ళు వీధివీధికీ కనపడతారు. రోమాలు, కుర్దులు, పారిపోయొచ్చిన ఆఫ్ఘన్లు, సిరియా వాళ్ళు. నేను తెల్లారి లేచేసరికే వాళ్ళు సగం వీధులు తిరిగి ఉండేవాళ్ళు.

ఒకరోజు అట్లాంటి పిల్లగాడు, పద్దెనిమిదేళ్ళుంటాయో లేదో, మా టీకొట్టు ముందు ఆగాడు. కొట్టాయన టీ పంపాడు, డబ్బులు పుచ్చుకోలేదు. కానీ కాగితం కప్పులో పంపాడు. మిగతా అందరికీ గాజు గ్లాసులు. ఎందుకని సైగజేసి అడిగా. "నడుస్తా తాగుతాడు గదా" అన్నట్టు చెయ్యి వీధివైపు ఊపాడు. అయ్యుండొచ్చు. మంచోడే, నాలుగు వారాలు నన్ను చూసుకున్నోడు. నాకు మాత్రం ఆ కప్పు మామూలు కప్పుగా కనపడలేదు.

పిల్లగాడు నడవలేదు. అరుగు అంచున కూర్చుని నిమ్మళంగా తాగాడు. ఈలోపల ఒక గోధుమరంగు పిల్లి బండెక్కి అట్టల మీద ముడుచుకుంది. వాడు లేచి చూశాడు. అది దిగిందాకా బండి లాగలేదు.